అంకె దాటని మొనగాళ్లు

రాజా చారి అనగానే మన పత్రికలకు వ్యోమగామే గుర్తొస్తాడు. తెలంగాణ మూలాలున్నవాడు, 2021 నవంబరులో క్రూ-3 కమాండర్‌గా వెళ్లి 177 రోజులు అంతరిక్షంలో ఉండి వచ్చినవాడు, నిజమే. నాకు మాత్రం అంతకు ముందరి ఉద్యోగమే గొప్ప. కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో 461వ ఫ్లైట్ టెస్ట్ స్క్వాడ్రన్ అధిపతిగా ఎఫ్-35 యుద్ధ విమానాల నిగ్గు తేల్చాడు. ఆ పని గురించి ఒక పేరా రాయడానికి మనవాళ్లకు చేతులు రాలేదు.

టెస్ట్ పైలట్ అంటే ప్రాణాలకు తెగించినవాడనుకుంటారు. తెగింపు కాదు, ఓపిక. ఉదాహరణకు, రెక్కలో పుట్టిన వణుకు ఒక వేగం దాటితే చల్లారకుండా పెరిగి రెక్కనే విరిచేస్తుంది. దాన్ని ఫ్లటర్ అంటారు. పైలట్ విమానాన్ని ఒక వేగం దగ్గర నిలకడగా పట్టి, స్టిక్‌ను టక్కున తడతాడు. ఆ ఊపు ఎంతసేపట్లో అణిగిందో కింద టెలిమెట్రీ గదిలో ఇంజనీర్లు చూస్తారు. సరేనంటే వేగం మరికాస్త పెంచి మళ్లీ తట్టడం. టెస్ట్ కార్డులో ఉన్న అంకె దాటడు.

అసలు విద్య దిగాక ఉంది. విమానం మాట విన్న తీరుకు కూపర్-హార్పర్ కొలబద్ద మీద 1 నుంచి 10 లోపు అంకె వేసి, ఎందుకో రాయాలి. ‘బరువుగా ఉంది’ అంటే చెల్లదు. ఏ వేగంలో, ఎటు తిప్పితే, ఎంత ఆలస్యంగా పలికింది? మా కళింగపట్నంలో కొత్త బోటును అల దాటించి తెచ్చిన పడవ నాయకుడు, మా తండేలు, ‘కుడికి లాగేస్తంది’ అంటే బోటు చేసినవాడు మారుమాట్లాడడు. టెస్ట్ పైలట్ రాసేదీ అలాంటి మాటే.

తేజస్ చూడండి. కంప్యూటర్లు క్షణక్షణం సర్దకపోతే నిలవనట్టు కావాలనే గీసిన విమానం. బరంపురంలో పుట్టిన మన కోట హరినారాయణ నడిపించిన పథకం. 2001 జనవరి 4న బెంగళూరులో రాజీవ్ కొఠియాల్ దాన్ని తొలిసారి ఎగరేశాడు. 2024 మార్చిలో మొదటిది కూలేదాకా ఇరవై మూడేళ్లు ఒక్క తేజస్ పోలేదు! 2020 జనవరి 11న జైదీప్ మావ్లంకర్ నౌకాదళ తేజస్‌ను విమానవాహక నౌక విక్రమాదిత్య మీద దించాడు. కదిలే ఓడ మీద తోక కొక్కెం తీగకు తగిలించడం ఎవరి తరం!

మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. 1961లో మన యుద్ధ విమానం మారుత్‌ను తొలిసారి ఎగరేసిన సురంజన్ దాస్ 1970 జనవరిలో దాని కొత్త రకాన్ని పరీక్షిస్తూ పోయాడు. 2009లో పరీక్షలో ఉన్న సారస్ విమానం కూలి ముగ్గురిని తీసుకుపోయింది.

మన సినిమా హీరో ఏం చేస్తాడు? పైవాళ్ల మాట కాదని అంకె దాటేస్తాడు, హాల్లో ఈలలు. నిజం పైలట్ ఆ పని చేస్తే మర్నాడు విమానం ముట్టనివ్వరు. ఫోన్లో గిరికీల వీడియోలు పెట్టే ప్రతివాడికీ టెస్ట్ పైలట్ బిరుదు తగిలించడం చూస్తే ఒళ్లు మండుతుంది.

మా సిక్కోలు (శ్రీకాకుళం) మాస్టార్లకు ఒక విన్నపం. పదో తరగతి పిల్లలకు బెంగళూరులోని వైమానిక దళ టెస్ట్ పైలట్ స్కూలు గురించి చెప్పండి. అక్కడ ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్లూ తయారవుతారు. కళ్లద్దాలున్నాయని పైలట్ ఆశ వదులుకున్న పిల్లకు ఆ టెలిమెట్రీ గది సంగతి ముందుగా చెప్పండి.