స్మరణీయ గ్రంథము: ఒక పాఠకుని అన్వేషణ

చదివిన గ్రంథములు అనేకము. మనస్సున నిలిచినవి కొన్నియే. ఈ భేదము సాహిత్యవిమర్శకు విషయము కాదగునా, లేక పాఠకుని స్వవిషయముగా విడిచిపెట్టదగినదా అనునది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న. మూడు తెలుగు నవలలను ఉదాహరణములుగా గ్రహించి, స్మరణీయతయు విమర్శకు ఒక ప్రమాణము కాగలదనియు, అయితే దానిని జాగరూకతతో నిర్వచింపవలెననియు నిరూపించుట మా ఉద్దేశము.

బహదూర్‌పురాలో నివసించు తెలుగు పాఠకునకు గ్రంథాన్వేషణము మూసీనది దాటుటతో ఆరంభమగును. అవతలి గట్టున అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. సుల్తాన్ బజారులో, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకముల రాసులు కానవచ్చును. ఈ త్రోవలలో మేము చాలకాలము తిరిగితిమి. పుస్తకములు దొరకకపోవుట మాకు పెద్ద సమస్య కాలేదు. పదియేండ్ల తరువాత వానిలో ఏవి మాతో మిగిలినవని లెక్కించుకొనినపుడే సమస్య తలయెత్తినది. శ్రద్ధతో చదివి గుర్తులు వ్రాసికొనిన గ్రంథములు కొన్ని తమ పేరును మాత్రమే మిగిల్చినవి. లోపములెంచి ప్రక్కకు పెట్టినవి కొన్ని మరల మరల తలపునకు వచ్చినవి. మా విమర్శయందో, మా జ్ఞాపకమునందో దోషముండవలెను.

మన ఆలంకారికులు స్మృతిని వ్యభిచారిభావములలో నొకటిగా పరిగణించిరి. కావ్యానుశీలనాభ్యాసముచే నిర్మలమైన మనోదర్పణము గలవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పెను. ఈ చర్చ ప్రధానముగా ఆస్వాదక్షణమునకు సంబంధించినది. గ్రంథము మూసివేసిన పిమ్మట ఏమగునన్న ప్రశ్నకు ఆనందవర్ధనుని అనురణన భావన దారి చూపును. ఘంట మ్రోగిన పిదప నాదము కొనసాగునట్లు, వాచ్యార్థము తెలిసిన వెనుక వ్యంగ్యార్థము స్ఫురించునని ఆయన ప్రతిపాదించెను. అట్టి అనురణనము సమగ్రమైన గ్రంథమునకును ఉండవచ్చుననియు, అది సంవత్సరముల పర్యంతము సాగవచ్చుననియు మేము తలచుచున్నాము. ఈ విస్తరణము మాదే గాని ఆయనది కాదు.

పాఠకుని జ్ఞాపకమును మూడు విధములుగా విభజింపవచ్చును. సంఘటనల వరుస గుర్తుండుట కథాస్మృతి. ఆ గ్రంథమును ఎక్కడ, ఏ వయస్సున, ఎవరి ప్రేరణచే చదివితిమో గుర్తుండుట సందర్భస్మృతి. ఆ గ్రంథము మనయెదుట నిలిపిన చిక్కు, జీవితమున తత్సమానమైన ఘట్టము సంభవించినపుడు తిరిగి మేల్కొనుట ప్రశ్నాస్మృతి. మొదటిది పరీక్షకు పనికివచ్చును. రెండవది ఆత్మకథకు పనికివచ్చును. మూడవదియే విమర్శకు ప్రమాణము. ఏలనన, ఆ ప్రశ్న గ్రంథములో ఎచ్చట, ఏవిధముగా నిర్మితమైనదో చూపవచ్చును. చూపలేనిచో అది మన ఊహయని త్రోసివేయవచ్చును.

1940ల దశకమున వెలువడిన రెండు నవలలను ఈ దృష్టితో పరిశీలింతము. గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు పతనక్రమము కథాస్మృతినుండి త్వరగా జారిపోవును. కాని వంశప్రతిష్ఠ నిలుపుమన్న తండ్రి మాట, సమస్తమును తర్కించి దేనిని నిర్వహింపలేని కుమారుని బుద్ధి, ఈ రెంటి ఘర్షణము మరుపురాదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని వెన్నంటిన తల్లి అపవాదు అట్టిదే. ఒకరి నడవడికి మరియొకరిని లోకము ఎంతకాలము శిక్షించుననునది ఆ నవల ప్రశ్న. పాత్రల మాటలలోను, మౌనములోను, దయానిధి తన్ను తాను తప్పించుకొను తీరులోను ఆ ప్రశ్న అల్లుకొని యున్నది. ఇచ్చట మా మొదటి తీర్పును, జ్ఞాపకమును ఏకీభవించినవి. శిల్పము బలవత్తరమైనది గనుక గ్రంథము నిలిచినదని చెప్పుట సులభము.

ఈ సులభమైన సమాధానమును వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నిలువనీయదు. సాయుధపోరాటమునకు పూర్వపు తెలంగాణ గ్రామము దాని రంగము. ప్రథమపఠనమున మేము దానిని చారిత్రక పత్రముగా మాత్రమే భావించితిమి. నాయకుడైన కంఠీరవము మితిమీరి ఆదర్శవంతుడనియు, దొర రామభూపాల్‌రావు దుష్టత్వమున అంతరములు లేవనియు వ్రాసికొంటిమి. ఆ ఆక్షేపణలను నేటికిని ఉపసంహరింపము. అయినను ఆ గ్రంథము మమ్ము విడువలేదు. పునఃపఠనమున కారణము తోచినది. మేము నాయకుని పరీక్షించుచుంటిమి. కథయందు వాస్తవముగా మార్పు చెందునది ఊరు. దొర ముందు నోరు విప్పలేని జనము, ఒకరిమాట నొకరు ఆలకించి, క్రమముగా అన్యాయమును దాని పేరుతో పిలువ నేర్చుకొందురు. భయమున మౌనమైన సమూహమునకు మాట ఎట్లు వచ్చుననునది ఆ నవల ప్రశ్న. వ్యక్తి మనోవిశ్లేషణమునకు ఏర్పడిన కొలబద్దతో దానిని కొలుచుట మా దోషము.

రచయిత జీవితము ఈ ప్రశ్నను స్పష్టపరచును. 1915లో జన్మించి 1961లో మరణించిన ఆళ్వారుస్వామి పాఠశాలవిద్య అంతగా లేనివాడు. వంటపనియు, హోటలుపనియు చేసినవాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను స్వయముగా మోసికొనిపోయి చదువరులకు అందించెను. దాశరథి 1949లో వెలువడిన తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చెను. మేము గ్రంథమునకై మూసీ దాటితిమి. ఆయన చదువరికై వీధులు తిరిగెను. చదువుట మాటాడుటకు దారితీయునని నమ్మినవాని నవలలో ఊరు మాట నేర్చుకొనుట యాదృచ్ఛికము కాదు. అయితే జీవితచరిత్ర నవలకు యోగ్యతాపత్రము కాజాలదు. ఆయన వృత్తాంతము తెలియని పాఠకునకును ఆ గ్రామపరిణామము పుటలలో కనబడుచున్నది గనుకనే ఈ వాదము నిలుచును.

జ్ఞాపకము పాఠకుని కులమును, ప్రాంతమును, అనుభవమును బట్టి మారునని ఆక్షేపింపవచ్చును. అది సత్యమే. తెలంగాణ గ్రామమునెరిగిన పాఠకునకు ‘ప్రజల మనిషి’ అధికముగా స్ఫురించుట సహజము. కాని ఆ అనుభవము గ్రంథద్వారమును తెరచునే గాని లోపలి నిర్మాణమును కల్పింపదు. స్మరణీయత తుదితీర్పు కాదు. మరల చదువవలెనను సూచన. శిల్పదోషములను అది క్షమింపజేయదు. మన కొలబద్దను పరీక్షించుకొమ్మని మాత్రము కోరును.

కావున పరిశోధక విద్యార్థులకు మా మనవి ఒకటి. ఒక గ్రంథమును గూర్చి మీ మొదటి తీర్పును తేదీతో వ్రాసి భద్రపరపుడు. కొన్నియేండ్లు గడచిన వెనుక, ఆ పుటను చూడకమునుపే, మీకు మిగిలినదేమో వ్రాసి, రెంటిని సరిచూడుడు. భేదము కనబడినచో గ్రంథమును మరల తెరువుడు. పాఠ్యగ్రంథములను నిర్ణయించు అధ్యాపకులకును ఈ పని ఆవశ్యకమే. ఒక్క పఠనముతో మేము ప్రక్కకు నెట్టిన గ్రంథమును మా విద్యార్థులు కొన్ని సంవత్సరములు చదువకపోయిరి. ఆ నష్టమును మా పునఃపఠనము పూరింపజాలదు.