డి లా సాల్ కుర్రాళ్ల తొలి అడుగు

నవంబరు వచ్చిందంటే అమెరికా హైస్కూళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్స్ మొదలవుతాయి. ఓడిన జట్టు అక్కడితో ఇంటికే. రాబోయే ప్రత్యర్థి ఎవరో తేలగానే పాత స్కోర్లన్నీ పక్కపక్కన పెట్టి జోస్యాలు చెబుతుంటారు. ఫలానా జట్టును వీళ్లు ఇరవై పాయింట్ల తేడాతో ఓడించారు, అదే జట్టు చేతిలో వాళ్లు ఓడిపోయారు, కాబట్టి గెలుపు మనదే అని. ఈ లెక్కల మీద నాకు నమ్మకం లేదు. జట్టు సత్తా తెలియాలంటే, బంతి కదిలిన మొదటి అర సెకనులో ముందు వరుస కుర్రాళ్ల కాళ్లు చూడాలి. అలా చూడటానికి కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో ఉన్న డి లా సాల్ హైస్కూలు జట్టును మించింది లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున ఉన్న చిన్న కాథలిక్ బాలుర పాఠశాల అది. 1979లో బాబ్ లాడుసూర్ కోచ్‌గా వచ్చేనాటికి అతని వయసు పాతికేళ్లు. అప్పటిదాకా ఆ బడి ఏ సీజన్‌లోనూ ఓటముల కంటే ఎక్కువ విజయాలు చూడలేదు. 2013 జనవరిలో అతను తప్పుకునేసరికి లెక్క ఇదీ: 399 గెలుపులు, 25 ఓటములు, 3 డ్రాలు. అందులో 1992లో మొదలై 2004 దాకా సాగిన 151 వరుస విజయాలున్నాయి.

ఇంతటి జట్టు చేతిలో ఉన్న ప్రధాన ఎత్తుగడ ఒకటే, పేరు వీర్. 1960లలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో బిల్ యోమన్ దానికి రూపమిచ్చాడు. దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ వెనక చెరోపక్క బంతితో పరుగెత్తే ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు ఉంటారు. బంతి చేతిలో పడగానే క్వార్టర్‌బ్యాక్ పక్కకు అడుగేసి, దూసుకొచ్చే మొదటివాడి పొట్ట దగ్గర బంతి పెడతాడు, కానీ వదలడు. క్షణంపాటు దాని మీద ఇద్దరి చేతులూ ఉంటాయి. ఈలోగా ఎదుటి వరుసలో చివరనున్న డిఫెండర్‌ను కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ కళ్లన్నీ అతని మీదే. అతను లోపలికి ఉరికితే బంతి లాక్కుని తానే బయటికి పరుగెత్తుతాడు. బయటే ఆగితే బంతి వదిలేస్తాడు. బయట ఇంకొకడు ఎదురైతే, పక్కనే కాస్త వెనగ్గా వస్తున్న రెండో రన్నింగ్ బ్యాక్‌కు విసురుతాడు. మూడు దారుల్లో ఏది తెరుచుకుంటుందో బంతి పట్టుకున్నవాడికి కూడా ముందు తెలియదు. ఎదుటివాడు ఏం చేసినా అదే అతని తప్పవుతుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే.

అయితే కాగితం మీద వీర్ అందరికీ తెలిసిందే. డి లా సాల్ గొప్పతనం దాన్ని నడిపే ముందు వరుసలోని ఐదుగురు లైన్‌మెన్‌లో ఉంది. తరచూ వాళ్లు ప్రత్యర్థుల కంటే చిన్నగా ఉంటారు. ఒక డిఫెండర్‌ను వదిలేశారు కాబట్టి మరోచోట ఒకడి మీదికి ఇద్దరు వెళ్లే వీలుంటుంది. కానీ ఆ ఇద్దరూ ఒకేసారి చేరితేనే దానివల్ల లాభం. కబడ్డీలో చేతులు పట్టుకున్న గొలుసు ఒక్కసారిగా మూసుకున్నట్టు, బంతి కదలగానే ఐదుగురి అడుగూ ఒకే కొలతలో, నేలకు దగ్గరగా పడుతుంది. ఎవరి భుజం కింద ఉంటే వాడిదే బలం. ఎంత భారీ మనిషైనా నడుము నిటారుగా లేచాక వెనక్కి జరగక తప్పదు.

ఇలాంటి ఆటకు ప్లేఆఫ్స్‌లో విలువ రెట్టింపవుతుంది. ప్రత్యర్థికి చేతిలో ఉండేది వారం రోజులే. వీడియోలు చూసి, సోమవారం నుంచి తమ రిజర్వు కుర్రాళ్ల చేత వీర్ ఆడించి సాధన చెయ్యాలి. కానీ డి లా సాల్ పిల్లలకు ఏళ్ల తరబడి అలవాటైన వేగం వీళ్లకు మూడు రోజుల్లో ఎక్కడినుంచి వస్తుంది? అసలు వేగం మొదటిసారి కనిపించేది మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే. పైగా ప్రతి డిఫెండర్‌కూ ఒకే పని ఉంటుంది, 48 నిమిషాలూ దాన్ని వదలకూడదు. బంతి ఎటుపోతే అటు పరుగెత్తాలనే పదహారేళ్ల ఉత్సాహాన్ని అణచుకోవడం చిన్న విషయం కాదు.

ఆ నిగ్రహాన్ని డి లా సాల్ వేరే దారిలో సాధించింది. మ్యాచ్‌కు ముందు ప్రతి ఆటగాడూ ఆ వారం తానేం చేస్తాడో కార్డు మీద రాసి, అందరి ముందూ చదివి, సహచరుడి చేతికిస్తాడు. ఆ తర్వాత జవాబు చెప్పాల్సింది కోచ్‌కు కాదు, పక్కవాడికి.

2001 అక్టోబరు 6న దేశంలో మొదటి రెండు ర్యాంకుల జట్లుగా లాంగ్ బీచ్ పాలీతో తలపడినప్పుడు అవతల భారీ ఆటగాళ్లున్నారు. అయినా 29-15తో గెలిచారు. తర్వాత వృత్తి ఆటగాడిగా పేరు తెచ్చుకున్న మారిస్ డ్రూ ఆ రోజు నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. 2004 సెప్టెంబరులో సియాటెల్‌లో బెల్‌వ్యూ హైస్కూలు 39-20తో ఆ 151 విజయాల వరుసకు తెరదించింది. బెల్‌వ్యూ ఆడింది వింగ్-టి, అదీ బంతిని దాచి పరుగెత్తే విద్యే.

ఉత్తర కాలిఫోర్నియా జట్లలో మాత్రం 1991 తర్వాత డి లా సాల్‌ను ఓడించినది 2021 దాకా లేదు. 318 మ్యాచ్‌ల ఆ పరంపరను సెయింట్ ఫ్రాన్సిస్ హైస్కూలు 31-28తో తెంచింది. కాంకర్డ్ ఉన్న ఈస్ట్ బేలోనే, తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన శాన్ రమోన్ వైపు బడులు కూడా ఏళ్లుగా ఈ వీర్‌కు ఎదురునిలిచాయి. ఏటా చూసే ఎత్తుగడే అయినా వాళ్లూ ఆపలేకపోయారు.

రాష్ట్ర ఫైనల్లో దక్షిణ కాలిఫోర్నియా జట్లు ఎదురైతే కథ మారుతుంది. 2016 నుంచి 2019 దాకా ఓపెన్ డివిజన్ ఫైనల్లో వరుసగా నాలుగు ఓటములు: సెయింట్ జాన్ బాస్కోతో 56-33, మేటర్ డీతో 52-21, 35-21, మళ్లీ బాస్కోతో 49-28. ఇక్కడ పనితనం తగ్గిందనుకోను. వీర్ నాలుగేసి గజాలు సంపాదిస్తూ గడియారాన్ని కరిగిస్తుంది. ఆధిక్యంలో ఉంటే అదే వరం. రెండు టచ్‌డౌన్లు వెనకబడితే మాత్రం ఆ కాలమే చాలదు. దూరం నుంచి బంతి విసిరి రెండు నిమిషాల్లో టచ్‌డౌన్ చేయగల జట్టుకు, వీర్ ఎంత బాగా నడుస్తున్నా పట్టింపు లేదు. అందుకే డి లా సాల్‌కు రాబోయే ప్రత్యర్థి గురించి నన్నడిగితే, వాళ్ల గెలుపోటముల పట్టిక చూడను. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మొదటి రెండు అవకాశాల్లో ఎంత దూరం విసరగలడో చూస్తాను. తర్వాత చివరన నిలబడే ఆ డిఫెండర్ బంతిని చూస్తున్నాడా, తన మనిషినే చూస్తున్నాడా అని.