స్త్రీశబ్దార్థవిచారము: గర్భవిచ్ఛిత్తి ధర్మమున ట్రాన్స్ పురుషుల వాక్కు

భారతదేశమున గర్భవిచ్ఛిత్తికి ననుమతి నొసఁగు చట్టము 1971వ సంవత్సరమునఁ బుట్టి 2021లో సవరింపఁబడెను. గర్భము దాల్చిన వ్యక్తిని జెప్పవలసినచోట నందు స్త్రీయను శబ్దమే ప్రయుక్తము. 2022 సెప్టెంబరు 29వ తేదిని సర్వోన్నతన్యాయస్థానము, అవివాహితయగు నొక యువతి వ్యాజ్యమునఁ దీర్పు చెప్పుచు, ఆ శబ్దమునకు జన్మతః స్త్రీలుగాఁ బరిగణింపఁబడి యట్లే జీవించువారే కాక, సురక్షితమైన గర్భవిచ్ఛిత్తి నపేక్షించు నితరులును అర్థమగుదురని వివరించెను. న్యాయమూర్తి ధనంజయ చంద్రచూడ్ వ్రాసిన యీ తీర్పుచే, స్త్రీదేహముతో జన్మించియుఁ దన్నుఁ బురుషునిగా నెఱిఁగి జీవించు ట్రాన్స్ పురుషుఁడును చట్టపు నీడకు వచ్చెను. వచ్చుట మేలే. కాని వచ్చిన దారి విచార్యము. ఆతఁడు స్త్రీయను పేరనే లోనికి రావలసివచ్చెను.

ఇట్టి వ్యాఖ్యానము మన శాస్త్రకారులకుఁ గ్రొత్త కాదు. కాకములనుండి పెరుగును రక్షింపుమన్నచోఁ బిల్లులకు దానిని విడువరాదు. పెరుగును గాచుటయే యుద్దేశమగుటచేఁ గాకశబ్దము పెరుగును జెఱచు ప్రాణుల నన్నింటిని లక్షించును. తన యర్థమును మాత్రము విడువదు. ఇదియే యజహల్లక్షణ. ట్రాన్స్ పురుషులఁ జేర్చినచో గర్భవిచ్ఛిత్తి వాదమున స్త్రీలు మఱుఁగుపడుదురని పలుదేశములఁ గొందఱు స్త్రీపక్షవాదులు శంకింతురు. ఈ శంకను దేలికగాఁ ద్రోసివేయరాదు. గర్భభారమును మోయువారిలో నధికులు స్త్రీలే, నిర్బంధమును వారిపైననే మోపఁబడినది. అయినను నజహల్లక్షణయందు ముఖ్యార్థము నశింపదు. చట్టోద్దేశము ప్రాణారోగ్యరక్షణమగుట నింకొకరు చేరినంతమాత్రమున స్త్రీ హక్కు తఱుగదు.

అయితే లక్షణకును హద్దు కలదు. పెరుగు విషయమునఁ గాకశబ్దమునఁ జేరిన పిల్లి యితరవిషయములఁ బిల్లియే. దృష్టాంతము శబ్దవ్యాపారమునకే కాని వ్యక్తులకుఁ గాదు. దాని నీతి మాత్రము గ్రాహ్యము. చట్టరక్షణకై స్త్రీశబ్దమునఁ జేరిన పురుషుని వైద్యశాలలో 'అమ్మా' యని పిలుచుట కా తీర్పు ప్రమాణము కానేరదు. లక్ష్యార్థమును వాచ్యార్థముగాఁ గొనుట శబ్దదోషమే కాక, లింగనిర్ణయము వ్యక్తిదే యని 2014 ఏప్రిలు 15వ తేదిని జాతీయ న్యాయసేవాధికారసంస్థ వ్యాజ్యమున నాన్యాయస్థానమే చెప్పిన సూత్రమునకును విరుద్ధము.

ఇచ్చటఁ బురాణోదాహరణములఁ జూపువారు కలరు. భాగవత నవమస్కంధమున సుద్యుమ్నుఁడు స్త్రీయై బుధునివలనఁ బురూరవునిఁ గనెను; కాని యా గర్భము స్త్రీదశయందలిది. యువనాశ్వుఁడో పురుషుఁడుగనే యుండి, దప్పిచే మంత్రజలమును దెలియక త్రాగి గర్భము దాల్చెను. పార్శ్వమును భేదించుకొని మాంధాత పుట్టెను. పురుషునకు గర్భమను భావన మన వాఙ్మయమునకు వింత గాదని యింతవఱకు సిద్ధించును. అయితే ఆ గర్భము వలయునో వలదో యని యువనాశ్వు నెవ్వరు నడుగలేదు. కావున నా కథ దేహమునకు సాక్ష్యమే కాని వాక్కునకు సాక్ష్యము గాదు.

ఇఁక భాష. గర్భిణి, గర్భవతి, అంతర్వత్ని, చూలాలు అన్నియు స్త్రీవాచకములే. ఏకవచనమున 'గర్భము గలవాఁడు', 'గర్భము గలది' యను విభాగము తప్పదు. స్త్రీవాచకములు బహువచనమున మహత్తులతోఁ గలియుట తెలుఁగు మర్యాద గావున 'గర్భము గలవారు' అనుట యిరువురకును జెల్లును. కాని ఖమ్మము, భద్రాచలముల యడవిసీమలో నీ యుపాయము చాలదు. అచ్చటి కోయభాష గోండిశాఖకుఁ జెందినది. అందు బహువచనమునను బురుషవాచకములు వేఱు, తక్కినవి వేఱు. రెండు భాషలకును సమానమైన త్రోవ యొక్కటి కలదు. ప్రథమపురుషమునఁ గల లింగభేదము మధ్యమోత్తమపురుషక్రియలందు లేదు. ఒకనిఁ గూర్చి యితరులు పలికినప్పుడే లింగచిహ్నము వచ్చును. అతనితోఁ బలికినను, అతఁడే 'నాకు వలదు' అని పలికినను రాదు.

ఇది వట్టి శబ్దవినోదము గాదు. చట్టమున 20 వారములవఱకు నొక వైద్యుని, 24 వారములవఱకు నిర్దిష్టవర్గములకు నిద్దఱి యభిప్రాయము చాలును. పురుషహార్మోనుఁ గొనువారికి ఋతువు నిలిచిపోవచ్చును. అయినను నది గర్భనిరోధకము గాదు. కావున గర్భ మాలస్యముగాఁ దెలియును. పిలుపునకు సిగ్గుపడి జాఱిన ప్రతివారమును గడువునుండి తఱుగును. 2014లోఁ జుట్టుప్రక్కల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునఁ జేరఁగా భద్రాచలపట్టణము తెలంగాణమున నిలిచెను. ఎల్ల కిరుప్రక్కలను జట్టము మాత్ర మొక్కటే.

చట్టప్రకారము ప్రాప్తవయస్కులకుఁ దమ సమ్మతియే చాలును. భర్త సమ్మతి యక్కఱలేదు. సమ్మతి యనఁగా నుత్తమపురుషవాక్యము. చట్టమును దెనిఁగించు పండితులు 'గర్భము గలవారు' అని వ్రాయుదురు గాక. వైద్యులు 'మీరు' అని యడుగుదురు గాక. తక్కిన వాక్యమును జెప్పవలసినవాఁ డాతఁడే.