కాళ్ళు పట్టి చూడండి

పొద్దున నాలుగున్నరకు లాయం తలుపు తీయగానే గుర్రాన్ని చూసుకునే సైసు చేసే మొదటి పని, రాత్రి వేసిన దాణా తొట్టిలో మిగిలిందా అని చూడడం. రెండో పని ముంగాళ్ళు తడమడం. మోకాలి కింద, ఎముక వెనకాల, తాడులా దిగే నరం ఒకటుంటుంది. లాయాల్లో టెండన్ అంటారు. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి పైనుంచి కిందికి జార్చాలి. కుడికాలూ ఎడమకాలూ పోల్చాలి. ఒకటి కాస్త వెచ్చగా తగిలినా, గట్టిగా ఉండాల్సింది ఉబ్బి మెత్తగా తగిలినా ఆ రోజు దౌడు లేదు. తొండేభావిలో రైలెక్కి బెంగళూరు చేరిన నేను పదకొండేళ్ళు రేస్‌కోర్సు లాయాల్లో చేసిన పని ఇదే.

నేను చూసుకున్న గుర్రాల్లో ఒకదానికి నుదుట తెల్లని మచ్చ ఉండేది. బొట్టోడా అని పిలిచేవాణ్ణి. విత్తు తీసిన మగ గుర్రం. జెల్డింగ్ అంటారు. ఆడగుర్రం పందేలు మానితే కుణిగల్ లాంటి స్టడ్ ఫారానికి పోయి పిల్లల్ని కంటుంది. బాగా గెలిచిన మగ గుర్రానికీ అక్కడ చోటుంటుంది. జెల్డింగ్‌కి ఆ దారి లేదు. దాని బతుకంతా నాలుగు కాళ్ళ మీదే.

పందెపు గుర్రం రెండేళ్ళకు పరుగు మొదలుపెడుతుంది. నాలుగైదేళ్ళకు మంచి ఊపులో ఉంటుంది. ఏడెనిమిదికి వెనకబడుతుంది. కానీ బాగా చూసుకుంటే పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. పరుగు ఆపాక దాని ముందు ఇరవై ఏళ్ళ బతుకుంది. ఎప్పుడు ఆపాలి అని లెక్క వేసేవాళ్ళు ఈ ఇరవై ఏళ్ళను లెక్కలోకి తీసుకోవడం నేను అరుదుగా చూశాను.

బొట్టోడికి ఏడేళ్ళు నిండాయి. ఓడేకొద్దీ రేటింగు తగ్గుతుంది, రేటింగు తగ్గేకొద్దీ గుర్రం కింది తరగతికి దిగుతుంది. అక్కడ తనకంటే నెమ్మది గుర్రాలుంటాయి కాబట్టి మళ్ళీ గెలుస్తుంది. వాడూ గెలిచాడు. ఆ గెలుపు చూసి వయసు వెనక్కి పోయిందనుకున్నారు అందరూ. రెండు వారాల తర్వాత ఎడమ ముంగాలు నా చేతికి వెచ్చగా తగిలింది. చెప్పాను. చల్లనీళ్ళు పట్టాం, పట్టీలు కట్టాం. నాలుగు రోజులకు వేడి తగ్గింది. పందానికి పేరిచ్చేశారు.

మోసం అక్కడే ఉంది. వేడి రోజుల్లో తగ్గుతుంది, నరం అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అతుక్కున్న చోట మునుపటి సాగుడు రాదు. అయిదు వందల కిలోల ఒళ్ళు దౌడు తీస్తున్నప్పుడు ఒక్కో క్షణంలో ఒక్క కాలి మీదే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. సైసు మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నాను. బొట్టోడు చివరి మలుపు దాటాక ఆగిపోయాడు. మూడు కాళ్ళ మీద నిలబడి, నేను పరిగెత్తి పోయేదాకా నావైపే చూస్తూ ఉన్నాడు. నెల తిరక్కుండానే వ్యాను వచ్చి తీసుకుపోయింది. ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేదు.

మా నాయన ఎద్దుల్ని ఘాటి సుబ్రహ్మణ్య పరసలో అమ్మేవాడు. ఒక ఏడాది నేను ఏడుస్తూ, "నాయనా, ఇది ఇంకా దున్నతాంది కదా, యాల అమ్మేది?" అని అడిగాను. "దున్నతా ఉండగానే అమ్మల్ల రా. మడకకు పనికిరాకున్నా బండికైనా కడతారు. కుంటిదైనాక తోలుకపోతే కొనేది కసాయోడే," అన్నాడు. గుర్రం సంగతీ అంతే. సవారీ నేర్పే బడి కొనాలన్నా, పోలీసు అశ్వదళం తీసుకోవాలన్నా ముందు చూసేది కాళ్ళే. కుంటి గుర్రాన్ని తీసుకుపోయి ఇరవై ఏళ్ళు మేపేవాళ్ళు ఎంతమంది?

ఇంగ్లండులో రెడ్ రమ్ అనే గుర్రం గ్రాండ్ నేషనల్ పందెం మూడుసార్లు గెలిచింది: 1973, 1974, 1977. 1978లో నాలుగో గెలుపు కోసం దేశమంతా ఎదురుచూస్తుంటే, పందానికి ముందురోజు కాలి ఎముకలో వెంట్రుకంత పగులు బయటపడింది. బరిలో దింపలేదు. మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తించలేదు. అది 1995 దాకా, ముప్ఫై ఏళ్ళు బతికి, ఆ పందెం జరిగే ఎయిన్‌ట్రీలో గెలుపు స్తంభం పక్కనే మట్టిలో కలిసింది. వెంట్రుకంత పగులుకే ఆపినవాళ్ళకు గుర్రం ఇంకో పదిహేడేళ్ళు మిగిలింది.

నలుగురు కలిసి కొన్న గుర్రమైతే నిర్ణయం మరీ కష్టమని నాకు తెలుసు. ఒకరు చాలంటారు, ఇంకొకరు ఈ సీజను చూద్దామంటారు. మేత ఖర్చు నెలనెలా పెరుగుతుంది. అయినా బెంగళూరులోనో మలక్‌పేటలోనో గుర్రంలో వాటా ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఈసారి పేరిచ్చే ముందు తెల్లారకుండానే లాయానికి రండి. సైసు పక్కన గొంతుక్కూర్చుని, అతను ఏం చెబుతాడో వినండి. మీ చేత్తో ఆ కాళ్ళు పట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ పేరిచ్చే కాగితం చింపేయండి.