మూడో వరుస కుర్రాడికి ఎంత గడువు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మైదానం మీద ఒక్కో పక్క 11 మందే కనిపిస్తారు. జట్టులో మాత్రం వందమందికి పైనే ఉంటారు. దాడికి ఒక 11 మంది, అడ్డుకోవడానికి వేరే 11 మంది, బంతిని తన్నే సందర్భాలకు ఇంకో బృందం. ప్రతి స్థానానికీ మొదటివాడు, వాడికి దెబ్బ తగిలితే రెండోవాడు, ఆ తర్వాత మూడోవాడు. ఈ వరుసలన్నీ రాసిపెట్టిన కాగితాన్ని డెప్త్ చార్ట్ అంటారు. శనివారం స్టేడియానికి వచ్చే జనానికి అందులో పై వరుసే తెలుస్తుంది. ఇక్కడ ఒక యూనివర్సిటీలో సాయంత్రాలు అథ్లెట్లకు చదువు చెప్పే ట్యూటర్‌ని కాబట్టి, నాకు కింది వరుసల పేర్లే ఎక్కువ తెలుసు.

ఆ కింది వరుసలకే ఇప్పుడు ఎసరు వచ్చింది. 1994 నుంచి పెద్ద జట్లు 85 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మించి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్న నియమం ఉండేది. జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి మాత్రం అలాంటి కట్టడి లేదు. సొంత ఫీజులు కట్టుకుని ఆడే వాక్‌ఆన్‌లతో కలిపి 120 మందికి పైగా ఉండటం మామూలే. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో లెక్క తిరగబడింది. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయింది. బదులుగా జట్టు మొత్తానికే 105 అని గీత గీశారు. అప్పటికే ఉన్న కొందరికి మినహాయింపు దొరికింది. వాళ్ల తర్వాత వచ్చేవాళ్లకు దొరకదు.

డబ్బు దృష్టితో చూస్తే ఇందులో న్యాయమే ఉంది. ఇంతకాలం ఆటతో కోట్లు గడించిన యూనివర్సిటీలు ఇప్పుడు ఆటగాళ్లకు నేరుగా వాటా ఇస్తున్నాయి. నా బెంగ వేరే. జట్టు లోతుగా ఉంటే కుర్రాడికి దక్కేది గడువు. ముందు వరుసలో ఎదుటివాళ్లతో తలపడే పద్దెనిమిదేళ్ల లైన్‌మన్ ఒళ్లు గట్టిపడటానికి రెండేళ్లు పడుతుంది. అందుకే ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చన్న ఏర్పాటు ఉంది. 2018 నుంచి ఒక సీజన్‌లో నాలుగు ఆటల వరకు దిగినా ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఒంటికి గడువు కావాలని అందరూ ఒప్పుకుంటారు. బుర్రకు కూడా కావాలంటే మాత్రం కోచ్‌లలో కొందరి మొహం మారుతుంది.

చదివే పని ఈ ఆటలో చాలానే ఉంది. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ప్లేబుక్ అంటే లావుపాటి గ్రంథం. ఒక్కో ఎత్తుగడ పేరులో అరడజను మాటలుంటాయి. ఎవరెక్కడ నిలబడాలి, ఎవరిని కాచుకోవాలి, ఎటు పరిగెత్తాలి, అన్నీ ఆ ఒక్క పేరులోనే. అక్షరాలు చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉన్న కుర్రాడికి ఆ పేజీ కొండ ఎక్కినట్టుంటుంది. విషయం తెలియక కాదు, అక్షరాలు నిలవక. కోచ్ కంటికి మాత్రం వాడు ‘ఆలస్యంగా అందుకునేవాడు’. డెప్త్ చార్ట్‌లో మూడో వరుస.

విచిత్రమేమిటంటే, ఒక సంగతిని పది రకాలుగా చెప్పడంలో ఫుట్‌బాల్ కోచ్‌లను మించిన ఉపాధ్యాయులు లేరు. వీడియో వేసి ఆపి ఆపి చూపిస్తారు. మైదానంలో హెల్మెట్లు లేకుండా నెమ్మదిగా నడిపిస్తూ అడుగులు నేర్పుతారు. చిప్ కెల్లీ కోచ్‌గా ఉన్న రోజుల్లో ఒరెగాన్ యూనివర్సిటీ జట్టు పక్కగీత దగ్గర బొమ్మలతో నిండిన పెద్ద అట్టలు ఎత్తి చూపించేది. ఆ బొమ్మల్లోనే ఎత్తుగడ. చూసి చూసి మిగతా జట్లూ అదే దారి పట్టాయి. 2024 నుంచి పెద్ద జట్లలో ఒక ఆటగాడి హెల్మెట్‌లోకి కోచ్ గొంతే వినిపిస్తోంది, ఎత్తుగడ మొదలుపెట్టడానికి గడువు లెక్కపెట్టే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేదాకా. చదివే అర్థం చేసుకోవాలని అక్కడ ఎవరూ పట్టుబట్టరు. అర్థమైందా లేదా అన్నదే లెక్క.

అదే కుర్రాడు రాత్రి నా ముందు చరిత్ర పుస్తకం తెరిస్తే దారి ఒక్కటే మిగులుతుంది. చదువు, రాయి. అందుకే నేను కోచ్‌ల పద్ధతినే అరువు తెచ్చుకున్నాను. అధ్యాయాన్ని కంప్యూటర్ చేత పైకి చదివిస్తాను. బోర్డు మీద బొమ్మ గీయమంటాను. అమెరికా అంతర్యుద్ధంలోని గెట్టిస్‌బర్గ్ యుద్ధం పాఠం వచ్చినప్పుడు, అడ్డుకునే బృందంలోని ఒక లైన్‌బ్యాకర్ సున్నాలు, ఇంటూలు పెట్టి రెండో రోజు దక్షిణాది సేనాని లీ సైన్యం పక్కల మీద ఎలా విరుచుకుపడిందో, మూడో రోజు నడిమధ్యకు ఎందుకు దూసుకెళ్లి చితికిపోయిందో గీసి చూపించాడు. “రెండు పక్కలా అంత గట్టిగా కొట్టాక మధ్యలో పలచబడి ఉంటారనుకున్నాడు సార్. వాళ్లు పలచబడలేదు,” అన్నాడు. క్లాసులో అంతకన్నా మంచి జవాబు ఇంకెవరైనా ఇచ్చి ఉంటారని నేననుకోను. ఆ జవాబును నాలుగు పేజీల వ్యాసంగా మార్చడానికి మాత్రం మా ఇద్దరికీ వారం పట్టింది.

ఆ వారంలో నేను చేయకూడని పని ఒకటుంది. వాడి వాక్యం నేను రాయకూడదు. చేయి దురద పెడుతుంది, నిజమే. ఆ దురదకు లొంగితే ఏమవుతుందో నార్త్ కరోలినా యూనివర్సిటీ ఉదంతం చెబుతుంది. 2014లో వెలువడిన నివేదిక ప్రకారం 18 ఏళ్లపాటు అక్కడ పాఠమే జరగని కాగితపు క్లాసుల్లో సుమారు 3,100 మందికి మార్కులు పడ్డాయి. వాళ్లలో దాదాపు సగం మంది అథ్లెట్లు. అంతకన్నా పాత కథ డెక్స్టర్ మ్యాన్లీది. ఓక్లహోమా స్టేట్‌కి నాలుగేళ్లు ఆడాడు. వాషింగ్టన్ ప్రొఫెషనల్ జట్టుతో రెండు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 1989లో సెనెట్ ఉపసంఘం ముందు కూర్చుని, తనకు చదవడం రాకుండానే కాలేజీ దాటించారని కన్నీళ్లతో చెప్పాడు. వాషింగ్టన్‌లోని ల్యాబ్ స్కూల్ రాత్రి తరగతులకు వెళ్లి చదవడం నేర్చుకున్నాడు. అంటే నేర్పితే వచ్చే చదువే.

నేర్పకుండా దాటించేయడం ఒక అన్యాయమైతే, తలుపే మూసేయడం రెండోది. న్యూజెర్సీలో ప్రత్యేక విద్య తరగతుల్లో బాగా చదువుకున్న బవర్స్ అనే ఫుట్‌బాల్ కుర్రాడికి, ఆ తరగతులు ముఖ్య సబ్జెక్టుల లెక్కలోకి రావంటూ 1996లో ఎన్‌సీఏఏ అర్హత నిరాకరించింది. అతను కోర్టుకెళ్లాడు. కేసు ఏళ్లతరబడి నడుస్తుండగానే అతను చనిపోతే తల్లి కొనసాగించింది. ఈలోపే, 1998లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందంతో ఎన్‌సీఏఏ దిగొచ్చింది. అభ్యసన వైకల్యం ఉన్నవాళ్ల తరగతులు అదే స్థాయి జ్ఞానం ఇస్తే లెక్కలోకి తీసుకుంటామని ఒప్పుకుంది.

తలుపు తెరుచుకున్నా లోపల ఇంకో చిక్కుంది. స్కూల్లో పిల్లాడి ఇబ్బందిని కనిపెట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం బడిది. కాలేజీలో అలా కాదు. వైకల్యాల ఆఫీసుకు విద్యార్థి తానే వెళ్లి, కాగితాలు చూపించి, పరీక్షలో అదనపు సమయం కావాలని తానే అడగాలి. స్థానం కోసం పోటీ పడుతున్న కుర్రాడు తన బలహీనత ఎవరికీ తెలియకూడదనుకుంటాడు. మరోపక్క, ఆడే అర్హత నిలవాలంటే మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 పూర్తవ్వాలన్న నియమం తరుముతుంటుంది.

ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రులకూ ఈ దాపరికం కొత్త కాదు. బడి నుంచి పరీక్ష చేయిద్దామని ఉత్తరం వస్తే “మావాడికేం తక్కువ?” అని మడిచి సొరుగులో పెట్టినవాళ్లు నాకు తెలుసు. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని జాబితాలో చేర్చింది. ర్యాంకుల గోలలో పడ్డ ఇళ్లలోకి ఆ మాట ఇంకా వెళ్లాల్సి ఉంది.

105 మందిలో ఎవరుండాలన్నది కోచ్ ఇష్టం. ఆట గెలవాల్సింది ఆయనే. కత్తెర పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ కుర్రాడికి ఎత్తుగడ అర్థం కాలేదా, లేక మనం కాగితం ఒక్కటిచ్చి ఊరుకున్నామా? అర్థం కాకపోతే తీసేయండి, ఎవరూ తప్పుపట్టరు. కాగితం ఒక్కటే ఇచ్చి ఉంటే మాత్రం, ముందు మైదానంలో నడిపించి చూడండి. ఆ పని మీకు ఎలాగూ వచ్చు.