బొంతకి వారసులెవరు?

మా అమ్మమ్మ పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. చలికాలం వాటిని కప్పుకున్నాం. చిరిగాక గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకున్నాం. అది కళ అని మాకెవరికీ తోచలేదు. కళ అనుకోనిదాన్ని ఎవరూ దాచిపెట్టరు. అమెరికాలోని ఎయిడ్స్ మెమోరియల్ క్విల్ట్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ బొంతలే గుర్తొస్తాయి. ఎందుకంటే అదీ బొంతే. ప్రపంచంలోకెల్లా పెద్ద బొంత.

1985లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, హత్యకు గురైన గే నాయకుడు హార్వీ మిల్క్ స్మృతిలో కొవ్వొత్తుల ఊరేగింపు జరిగింది. ఎయిడ్స్‌తో పోయిన తమవాళ్ల పేర్లు అట్టల మీద రాయమని క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త అందరినీ అడిగాడు. ఫెడరల్ భవనం గోడకి అంటించిన ఆ అట్టలు అతనికి అతుకుల బొంతలా కనిపించాయట. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో 1,920 గుడ్డముక్కలు పరిచారు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అంటే ఒక సమాధి అంత. ఇప్పుడవి దాదాపు 50,000. వాటి మీద లక్షా పదివేలకు పైగా పేర్లు. బరువు 54 టన్నులు.

ఈ బొంతని సంతాపచిహ్నంగా గౌరవించినంతగా కళగా చదవలేదేమో అనిపిస్తుంది. దీనికి ఒక రచయిత లేడు, మధ్యభాగం లేదు. ఒక్క చూపులో ఇమడదు. తల వంచుకుని దాని మధ్య నడవాల్సిందే. హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్‌కీ, ఇంటిపేరు రాయని అనామకుడికీ అదే కొలత. పోయినవాళ్ల జీన్సు, ఉత్తరాలు, బొమ్మలు, ఉంగరాలు అందులో కుట్టి ఉంటాయి. అంతకుముందు సూది పట్టని మగవాళ్లు ఎందరో దీనికోసం కుట్టు నేర్చుకున్నారు.

అమ్మమ్మల బొంతని ఎంచుకోవడం కోపాన్ని మెత్తబరచడమేనన్న విమర్శ ఆ ఉద్యమంలోనే వచ్చింది. నేను ఒప్పుకోను. బొంత పడక మీదది. ఇద్దరు మగవాళ్లు పంచుకున్న ఏ పడకని కుటుంబాలు ఒప్పుకోలేదో, ఆ పడక మీది గుడ్డనే దేశ రాజధాని నడిబొడ్డున పరిచారు. ఇందులో మెత్తదనం ఎక్కడుంది?

ఇక దాన్ని కాపాడుకోవడం. జిగురు ఊడుతుంది, రంగు వెలుస్తుంది, గుడ్డ చివుకుతుంది. గెర్ట్ మెక్‌ముల్లిన్ అనే కుట్టుపని మనిషి తొలిరోజుల నుంచీ మూడు దశాబ్దాలకు పైగా ఆ ముక్కల్ని అతుకుతూ, మరమ్మతు చేస్తూ వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మిగిలిన గుడ్డలతో మాస్కులు కుట్టింది. బొంతతో పాటు వచ్చిన ఉత్తరాలూ కాగితాలూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అప్పగించాలని 2019లో నిర్ణయించారు. అవి చేరేది జానపద కేంద్రానికి. కుట్టుపనికి మనం ఇచ్చే చోటు అదే కదా!

ఇదంతా ఇంత తీరిగ్గా విశ్లేషిస్తున్న నేను చేసిన పని ఒకటుంది. పరిశోధన రోజుల్లో నాకో కవి స్నేహితుడు ఉండేవాడు. తను ప్రేమించిన మగవాడి మీద కవితలు రాసి మా అందరికీ చదివి వినిపించేవాడు. హఠాత్తుగా పోయాడు. సంస్మరణ సంచిక కూర్చమని ఇంటివాళ్లు నన్నడిగారు. 'ఆ కవితలు మాత్రం కాస్త చూడమ్మా' అన్నారు. చూశాను. తెలుగులో అదెంత సులువో! 'వచ్చాడు'ని 'వచ్చింది' చేశాను. 'అతను'ని 'ఆమె' చేశాను. ఒక జీవితాన్ని మార్చడానికి ఒక ప్రత్యయం చాలింది.

ముద్దుపళని 'రాధికా సాంత్వనం'లోంచి ఎగిరిపోయిన పద్యాల్ని బెంగుళూరు నాగరత్నమ్మ వెతికి పట్టి 1910లో పూర్తి ప్రతి అచ్చువేసిందనీ, ప్రభుత్వం నిషేధించిందనీ, 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదనీ క్లాసులో ఆవేశంగా చెబుతుంటాను. ముద్దుపళనికి వారసురాలు రక్తసంబంధంతో రాలేదు. ఆమెలాగే భోగం మేళం నుంచి వచ్చిన స్త్రీ వచ్చింది. అదంతా తెలిసీ నా చేతికి కలం వచ్చినప్పుడు నేను కత్తిరించేవాళ్ల పక్షాన నిలబడ్డాను.

దాచడమంటే బీరువాలో పెట్టడం కాదు. పేరు పేరుగా, ప్రేమ ప్రేమగా ఉండనివ్వడం. అది చెయ్యగలిగినవాళ్లే వారసులు. బొంత నేర్పింది నాకదే.

అసలు నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఆ కవితల్లోని 'అతను' సంస్మరణ సభకి వచ్చాడు. వెనక వరసలో కూర్చుని, సంచిక తిరగేసి, ఏమీ అనకుండా కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. ముందు ఆ పుస్తకం అతనికి ఇవ్వాలి. అచ్చు సంగతి అతను చెప్పాక.