పొగత్రాగుటయందు స్త్రీపురుష భేదము: ఒక పదవిచారము

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలయందు జనజీవనమును పరిశీలింపబూనిన విద్యార్థి గృహిణులను ‘మీరు పొగ త్రాగుదురా?’ అని యడిగినచో, పెక్కుచోట్ల ‘త్రాగము’ అను సమాధానమే వచ్చును. అంతటితో స్త్రీలకు పొగాకుతో సంబంధము లేదని వ్రాసికొనుట తగదు. ఆ ప్రశ్నయే పురుషుని యలవాటును ఆధారముగ గొని పుట్టినదని మా యభిప్రాయము.

మన సాహిత్యమును ఈ దృష్టి అంటియున్నది. కన్యాశుల్కమున వెంకటేశము తనకు గురువు నేర్పినది చుట్ట కాల్చుటయే యని నిష్ఠూరమాడును. గిరీశము పొగాకును ప్రశంసించు పద్యముతో దానిని త్రోసిపుచ్చును. చుట్ట ముట్టనివానికి అందు మహిషజన్మము విధింపబడినది. కర్త మహద్వాచకము, శిక్షగ వచ్చిన జంతువును మగదే. ఏకవచనమున స్త్రీవాచకములు అమహత్తులతో చేరునని చదివిన మనకు, ఆమె ఆ పద్యమున లేదని వేరుగ చెప్పనక్కరలేదు. హాస్యమునకు వ్యాకరణమేల యని గిరీశము నవ్వినను నవ్వుగాక! ఆ నాటకము పుట్టిన ఉత్తరాంధ్రమునందే, తీరగ్రామములలో, వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని కాల్చు ‘అడ్డపొగ’ స్త్రీలలో అధికముగ కానవచ్చినది. పిండ్‌బోర్గ్ ప్రభృతులు 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన వ్యాసము ఈ యలవాటువలన అంగిలియందు కలుగు వికారములను గూర్చినదే.

తెలంగాణమున పరిశీలింపవలసినది వేరు. ఇచ్చట పొగ వేరు, పొగాకు వేరు. తంబాకు, జర్దా, ముక్కుపొడుము మున్నగువానికి నిప్పుతో పనిలేదు. 2016-17 నాటి వయోజన పొగాకు సర్వే ప్రకారము భారతదేశమున పొగ త్రాగువారు పురుషులలో 19.0 శాతము, స్త్రీలలో 2.0 శాతము. పొగలేని పొగాకును వాడువారు పురుషులలో 29.6, స్త్రీలలో 12.8 శాతము. తొమ్మిదిరెట్లు దాటిన యంతరము రెండురెట్లకు కొంచెము పైగా దిగిపోయినది! ‘త్రాగుట’ యను క్రియ యెంతమందిని దాచుచున్నదో దీనివలన తెలియును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లాపట్టికలు అన్ని విధములైన వాడకమును ఒకే అంకెలో చేర్చినవి. కావున పై జిల్లాలలో ఈ విభాగమును పదసేకరణమే చూపవలసియున్నది.

పొగ త్రాగువారిలో అరుదైన స్త్రీ బీడీ పుట్టుకయందు అడుగడుగునను కానవచ్చును. భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో వేసవియందు తునికాకు కోసి, 50 ఆకుల కట్టలుగ కట్టి, కల్లమునకు చేర్చువారిలో స్త్రీలు పెక్కుమంది. ఆకును తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, దారముతో చుట్టుట నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతములలో ముఖ్యముగ స్త్రీల చేతిపని. ఆ పొడి దినమంతయు వారి ఊపిరిలోనికి పోవుచుండును. అట్టివారిని ‘పొగాకు ముట్టనివారు’ అను వరుసలో వ్రాయుట యెట్లు? 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటియొద్ద చుట్టువారిని సైతము కార్మికులుగ నెంచినది.

ప్రశ్నావళిని తయారుచేయు పరిశోధకులు నములుట, పీల్చుట, దవడన పెట్టుకొనుట, కోయుట, చుట్టుట అను క్రియలను వేరువేరుగ అడుగవలెను. స్త్రీలను ఇంటిపెద్దల యెదుట గాక, కల్లమువద్దనో చేనిగట్టుననో అడుగుట మేలు.